పోటీ చట్టం అమలు – చిన్న వ్యాపారాలు: పల్నాటి పత్తి విత్తనం, సిమెంటు విపణుల పరిశీలన

వ్యాససంగ్రహం:

గుత్తాధిపత్యాన్ని నిరోధించే చట్టాల అమలు చిన్న వ్యాపారాలకు మేలు చేస్తుందన్నది సాధారణంగా అంగీకృతమైన భావన. ఆ మేలు ఎవరికి, ఎప్పుడు, ఏ రూపంలో చేరుతుందన్న ప్రశ్నను పల్నాడు ప్రాంతంతో ముడిపడిన రెండు విపణుల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది, పల్నాడు కొనుగోలుదారుగా ఉన్న బీటీ పత్తి విత్తన విపణి. రెండవది, పల్నాడు ఉత్పత్తిదారుగా ఉన్న సిమెంటు విపణి. పత్తి విత్తనం విషయంలో ధర తగ్గినా, కొత్త సంస్థలు ప్రవేశించే మార్గంలోని షరతులపై విచారణ తుది నిర్ణయానికి చేరలేదు. సిమెంటు విషయంలో ఉల్లంఘన నిర్ధారణ అయినా, నష్టపోయిన చిన్న కొనుగోలుదారుకు ఆ నిర్ధారణ ఫలం అందలేదు. ఈలోగా విపణి నిర్మాణమే మారిపోయింది. చిన్న వ్యాపారంపై చట్టం అమలు ప్రభావాన్ని రెండు అంశాలు నిర్ణయిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది: సరఫరా గొలుసులో ఆ వ్యాపారం ఉన్న స్థానం, పరిష్కారానికి పట్టే కాలం.

కీలకపదాలు: పోటీ చట్టం, ఆధిపత్య దుర్వినియోగం, కార్టెల్, బీటీ పత్తి, సిమెంటు, చిన్న వ్యాపారాలు, పల్నాడు.

1. ఉపోద్ఘాతం:

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లా ఆర్థిక జీవనంలో రెండు ప్రకృతి వనరులకు ప్రధాన స్థానముంది. ఒకటి, పత్తికీ మిరపకూ అనువైన నల్లరేగడి నేల. రెండవది, మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల్లో విస్తరించిన సున్నపురాయి. మొదటి వనరు చుట్టూ విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణాలు, జిన్నింగు మిల్లులు పెరిగాయి. రెండవ వనరు చుట్టూ సిమెంటు కర్మాగారాలు, సున్నపు బట్టీలు, సరుకు రవాణా లారీలు, సిమెంటు డీలర్లు, చిన్న నిర్మాణ కాంట్రాక్టర్లు వచ్చారు.

ఈ వ్యాపారాల్లో అధికభాగం చిన్నవి. అయితే వాటి లాభనష్టాలను శాసించే నిర్ణయాలు చాలావరకు స్థానికంగా జరగవు. విత్తనంలోని జన్యువుకు ఎంత రుసుము చెల్లించాలో, బస్తా సిమెంటు ఏ ధరకు కదలాలో పల్నాటి వెలుపల నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయాలు న్యాయమైన పోటీ నుండి వచ్చాయా, పోటీని అణచడం వల్ల వచ్చాయా అని ప్రశ్నించే అధికారం భారత పోటీ కమిషన్‌కు ఉంది. పత్తి ప్రాంతాల్లో 'సీసీఐ' అంటే భారత పత్తి సంస్థ అన్న అర్థమే స్థిరపడి ఉన్నందున, ఈ వ్యాసంలో పోటీ కమిషన్‌ను పూర్తి పేరుతోనో 'కమిషన్' అనో పేర్కొనడం జరిగింది.

2. చట్ట నేపథ్యం:

స్వతంత్ర భారతంలో ఈ రంగంలో మొదటి సమగ్ర శాసనం 1969 నాటి గుత్తాధిపత్య, నిర్బంధ వ్యాపార విధానాల చట్టం. వాడుకలో ఇది ఎం.ఆర్.టి.పి. చట్టం. ఆర్థికశక్తి కొద్దిమంది చేతుల్లో కేంద్రీకృతం కాకుండా చూడటం దాని మౌలిక లక్ష్యం. సంస్థ పరిమాణాన్నే అనుమానంతో చూసే ఆ దృష్టి 1991 సవరణలతో బలహీనపడింది. రాఘవన్ కమిటీ సిఫారసుల నేపథ్యంలో 2002లో పోటీ చట్టం వచ్చింది. అందులో పోటీవ్యతిరేక ఒప్పందాలకు సంబంధించిన 3వ సెక్షన్, ఆధిపత్య దుర్వినియోగానికి సంబంధించిన 4వ సెక్షన్ 2009 మే 20 నుండి, విలీనాల నియంత్రణ 2011 జూన్ 1 నుండి అమలులోకి వచ్చాయి.

ఈ మార్పు చిన్న వ్యాపారాల దృష్ట్యా ముఖ్యమైనది. కొత్త చట్టం ఆధిపత్యాన్ని తప్పుపట్టదు. దాని దుర్వినియోగాన్నే తప్పుపడుతుంది. చిన్న సంస్థలను కాపాడటం కూడా దాని ప్రకటిత లక్ష్యం కాదు. దక్షిణాఫ్రికా 1998 చట్టం చిన్న, మధ్యతరహా సంస్థలకు ఆర్థికరంగంలో సమానావకాశం కల్పించడాన్ని తన ప్రయోజనాల్లో ఒకటిగా స్పష్టంగా చెప్పింది. భారతీయ చట్ట పీఠికలో అటువంటి మాట లేదు. పోటీని నిలబెట్టడం, వినియోగదారుల ప్రయోజనాలను కాపాడటం అనే లక్ష్యాలతోపాటు, విపణిలోని ఇతర భాగస్వాముల వ్యాపార స్వేచ్ఛకు హామీ ఇవ్వడం అన్న లక్ష్యం మాత్రం ఉంది. చిన్న వ్యాపారికి ఈ చట్టంలో దొరికే ప్రధానమైన ఆధారం ఈ 'వ్యాపార స్వేచ్ఛ' అనే భావనే. అది ఆచరణలో ఎంతవరకు నిలిచిందో కింది రెండు ఉదాహరణలు చూపుతాయి.

3. పత్తి విత్తనం: తగ్గిన ధర, తేలని షరతులు

3.1 సరఫరా గొలుసు:

కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తికి 2002 మార్చిలో భారతదేశంలో అనుమతి లభించింది. మాన్‌శాంటో, మహికో సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంలోని మహికో మాన్‌శాంటో బయోటెక్ ఈ సాంకేతికతను దేశీయ విత్తన సంస్థలకు ఉపలైసెన్సుల ద్వారా అందించింది. లైసెన్సు పొందే సంస్థ మొదట 50 లక్షల రూపాయలు తిరిగిరాని రుసుముగా చెల్లించాలి. ఆపై అమ్మిన ప్రతి ప్యాకెట్టుపై 'ట్రెయిట్ విలువ' చెల్లించాలి. రైతులు, డీలర్లు దీనినే రాయల్టీ అంటారు.

ఈ గొలుసులో నాలుగు అంచెలు ఉన్నాయి: సాంకేతికత యజమాని, విత్తన సంస్థ, డీలరు, రైతు. నరసరావుపేటలోనో మాచర్లలోనో దుకాణం నడిపే డీలరుకు జన్యు సాంకేతికత యజమానితో నేరుగా ఏ ఒప్పందమూ ఉండదు. అయినా ప్యాకెట్టు ధరలో ఆ యజమాని వాటా ఎంత పెరిగితే, డీలరు పెట్టవలసిన పెట్టుబడీ అరువుగా ఇచ్చే మొత్తమూ అంత పెరుగుతాయి. పంట చేతికి వచ్చాక బాకీ తీర్చే పద్ధతి ఉన్నచోట, పంట దెబ్బతింటే ఆ భారం మొదట రైతుపైనా తరువాత డీలరుపైనా పడుతుంది. రాయల్టీ మాత్రం విత్తనం అమ్ముడైన లెక్కన వసూలవుతుంది; దిగుబడితో దానికి సంబంధం లేదు. నష్టభయం కింది అంచెల్లో, స్థిరమైన ఆదాయం పై అంచెలో ఉండటం ఈ గొలుసు స్వభావం.

3.2 2006 నాటి జోక్యం:

ప్రారంభ సంవత్సరాల్లో 450 గ్రాముల బీటీ విత్తన ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు పైగా ఉండేది. అందులో 1,250 రూపాయల వరకు ట్రెయిట్ విలువే. 2006 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌ను ఆశ్రయించింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం రైతుల పక్షాన బహుళజాతి సాంకేతిక సంస్థపై గుత్తాధిపత్య నిరోధ చట్టం కింద ఫిర్యాదు చేయడం అరుదైన ఘటన. అదే ఏడాది మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చైనా వంటి పొరుగు దేశాల్లో వసూలుచేస్తున్న స్థాయిని దృష్టిలో ఉంచుకొని ట్రెయిట్ విలువను సహేతుకంగా నిర్ణయించాలని ఆదేశించింది. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు గరిష్ఠ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. ఇతర పత్తి రాష్ట్రాలు కూడా ఈ మార్గాన్ని అనుసరించాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తనాల సరఫరా, పంపిణీ, అమ్మకం, ధర నిర్ణయానికి ప్రత్యేక చట్టం చేసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం కాలం. ఫిర్యాదుకూ మధ్యంతర ఉత్తర్వుకూ మధ్య గడిచింది సుమారు నాలుగు నెలలు. ఖరీఫ్ విత్తనం దుకాణాలకు చేరే సమయానికి ఉత్తర్వు వచ్చింది. వ్యవసాయాధారిత విపణిలో ఒక సీజను దాటితే పరిష్కారం విలువ తగ్గిపోతుంది. 2006లో ఆ విలువ నిలిచింది.

3.3 ధర నియంత్రణ పరిధి:

గరిష్ఠ ధర రైతుకూ డీలరుకూ ఊరట కలిగించింది. ఒకే పెట్టుబడితో డీలరు ఎక్కువ ప్యాకెట్లు తెప్పించగలిగే అవకాశం వచ్చింది. అయితే ధర నియంత్రణ, పోటీ ఒకటి కావు. ధర నియంత్రణ గుత్తాధిపత్యం వసూలు చేసే మొత్తాన్ని తగ్గిస్తుంది. కొత్త పోటీదారును తీసుకురాదు.

దీనికి నిదర్శనం 2006లోనే కనిపిస్తుంది. ఆ ఏడాది జేకే అగ్రి జెనెటిక్స్ 'ఈవెంట్-1', నాథ్ సీడ్స్ వారి సంలీన జన్యువు అనుమతి పొందాయి. అంటే చట్టరీత్యా ప్రత్యామ్నాయ సాంకేతికతలు విపణిలోకి వచ్చాయి. అదే ఏడాది రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 కూడా అనుమతి పొందింది. తరువాతి సంవత్సరాల్లో దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ పత్తి ఆక్రమించగా, అందులో దాదాపు అంతా మాన్‌శాంటో సాంకేతికతే అయింది. ప్రత్యామ్నాయాలు ఎందుకు నిలదొక్కుకోలేదన్నది సాంకేతిక సామర్థ్యానికి సంబంధించిన ప్రశ్న కావచ్చు. లైసెన్సు షరతులకు సంబంధించిన ప్రశ్నా కావచ్చు. రెండవ ప్రశ్నను పరీక్షించగల సాధనం ధర నియంత్రణ ఉత్తర్వు కాదు, పోటీ చట్టమే.

3.4 2016–2025: విచారణాధికారంపై వివాదం

ఆ పరీక్షకు అవకాశం 2015లో వచ్చింది. కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ సూచన, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నూజివీడు సీడ్స్, దాని అనుబంధ సంస్థల ఫిర్యాదు పోటీ కమిషన్ ముందుకు వచ్చాయి. 2016 ఫిబ్రవరిలో కమిషన్ ప్రాథమిక దృష్టిలో ఆధిపత్య దుర్వినియోగం కనిపిస్తున్నదని అభిప్రాయపడి డైరెక్టర్ జనరల్ విచారణకు ఆదేశించింది. ట్రెయిట్ విలువ ఒక్కటే ఆ ఉత్తర్వుకు విషయం కాదు. పోటీ సాంకేతికతతో వ్యవహరించే లైసెన్సుదారుపై పడే నిబంధనలు, లైసెన్సు రద్దయ్యాక అతడు పాటించవలసిన కఠిన షరతులు కొత్త సాంకేతికతల ప్రవేశాన్ని అడ్డుకునేలా ఉన్నాయని కమిషన్ ప్రాథమికంగా భావించింది. పై భాగంలో పేర్కొన్న రెండవ ప్రశ్న ఇదే.

దాదాపు అదే సమయంలో ధర నియంత్రణ మరింత వేగంగా కదిలింది. 2015 డిసెంబరు నాటి కేంద్ర పత్తి విత్తనాల ధర నియంత్రణ ఉత్తర్వు ఆధారంగా 2016లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్టు ధరను 800 రూపాయలుగా, అందులో ట్రెయిట్ విలువను 49 రూపాయలుగా నిర్ణయించారు. ట్రెయిట్ విలువ 2018లో 39, 2019లో 20 రూపాయలకు తగ్గి, 2020లో పూర్తిగా తొలగిపోయింది.

కమిషన్ విచారణ మాత్రం అధికార పరిధి ప్రశ్న వద్ద చిక్కుకుంది. పేటెంటు లైసెన్సు షరతులు సహేతుకమా కాదా అన్నది పేటెంట్ల చట్టం తేల్చాలా, పోటీ చట్టం తేల్చాలా? 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కమిషన్ అధికారాన్ని సమర్థించింది. 2023 జులైలో ద్విసభ్య ధర్మాసనం ఎరిక్‌సన్ కేసుతో కలిపి ఆ తీర్పును తిరగరాసి, ఈ విషయంలో పేటెంట్ల చట్టమే ప్రత్యేక శాసనంగా వర్తిస్తుందని తేల్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కమిషన్ అప్పీలును తోసిపుచ్చింది. ఈ మధ్యలో 2019లోనే బోల్‌గార్డ్-2 పేటెంటు గడువు ముగిసింది; 2021లో నూజివీడు సీడ్స్, మాన్‌శాంటో వివాదాలను పరిష్కరించుకున్నాయి. పేటెంటు కాలం తీరాక, ఫిర్యాదీ రాజీపడ్డాక, విచారణాధికారం గురించి తుది నిర్ణయం వచ్చింది. లైసెన్సు షరతులు పోటీని అడ్డుకున్నాయా లేదా అన్న అసలు ప్రశ్నకు సమాధానం రాలేదు.

ఈ పరిణామాలను మరొక కోణం నుండి కూడా చూడాలి. ఫిర్యాదుదారుగా నిలిచిన నూజివీడు సీడ్స్ చిన్న సంస్థ కాదు; దేశంలోని ప్రముఖ పత్తి విత్తన సంస్థల్లో ఒకటి. దశాబ్దకాలం న్యాయస్థానాల్లో పోరాడగల శక్తి అటువంటి సంస్థలకే ఉంటుంది. 50 లక్షల ప్రవేశ రుసుమే భారమైన చిన్న విత్తన సంస్థ ఈ పోరాటంలో కక్షిదారు కాలేదు. పెద్ద సంస్థ రాజీపడితే దాని ప్రయోజనం ఏమవుతుందో అడిగేవారూ లేరు.

మరోవైపు, ధర నియంత్రణకు ఉన్న పరిమితులూ బయటపడ్డాయి. 2016లో కలుపుమందును తట్టుకునే తరువాతి తరం పత్తి అనుమతికి చేసిన దరఖాస్తును సంస్థ ఉపసంహరించుకుంది. గులాబీరంగు కాయతొలుచు పురుగు బోల్‌గార్డ్-2ను తట్టుకునే శక్తిని పెంచుకుంది. 2017–18 నాటికి తెలుగు రాష్ట్రాలతో సహా పలు పత్తి ప్రాంతాల్లో అనుమతిలేని కలుపుమందు తట్టుకునే విత్తనం వ్యాపించింది. దీనివల్ల లైసెన్సు తీసుకొని బిల్లు రాసి అమ్మే డీలరు రెండువైపులా నష్టపోయాడు. అక్రమ విత్తనం అమ్మితే కేసు; అమ్మకపోతే బేరం పోతుంది. పోటీ లేని చోట ధరను మాత్రమే బిగిస్తే, గిరాకీ చట్టబద్ధమైన దుకాణం నుండి చట్టం బయటి విపణికి తరలుతుందని ఈ అనుభవం సూచిస్తుంది.

4. సిమెంటు: ఉల్లంఘన నిర్ధారణ, మారిన నిర్మాణం

4.1 పల్నాటి సిమెంటు పరిశ్రమ:

మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో ప్రారంభమైంది. 1982లో సిమెంటు ధరలపై పాక్షికంగా, 1989 మార్చిలో పూర్తిగా ప్రభుత్వ నియంత్రణ తొలగింది. ఈ దశలో కృష్ణానదికి ఇరువైపులా ఉన్న సున్నపురాయి ప్రాంతంలో పరిశ్రమ విస్తరించింది. పల్నాడులో దాచేపల్లి వద్ద ఆంధ్రా సిమెంట్స్, తంగెడ వద్ద భవ్య సిమెంట్స్ వంటివి వచ్చాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఇదే రాతిపై ఆధారపడిన చిన్న పరిశ్రమలు.

సిమెంటు బరువైన, విలువ తక్కువైన సరుకు. దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు ధరను మింగుతుంది. అందువల్ల దేశమంతా ఒకే విపణి ఉండదు. ప్రాంతీయ విపణులు ఉంటాయి. ఇదే కారణంగా ఒక ప్రాంతంలోని కొద్దిపాటి సంస్థలు పరస్పరం గమనించుకొని ధరలను కలిపి నడపడం సులభమవుతుంది.

4.2 కార్టెల్ కేసు:

భారత నిర్మాణదారుల సంఘం ఫిర్యాదుపై పోటీ కమిషన్ 2012 జూన్ 20న పదకొండు సిమెంటు సంస్థలపై సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సిమెంటు ఉత్పత్తిదారుల సంఘం వేదికగా ధరలు, ఉత్పత్తి సమాచారం పంచుకున్నారని, ఉత్పత్తిని తగ్గించి ధరలు పెంచారని కమిషన్ నిర్ధారించింది. వాదనలు వినని అధ్యక్షుడు ఉత్తర్వుపై సంతకం చేశారన్న కారణంతో 2015 డిసెంబరులో పోటీ అప్పీళ్ల ట్రైబ్యునల్ దానిని కొట్టివేసి, కేసును తిరిగి కమిషన్‌కు పంపింది. 2016 ఆగస్టు 31న కమిషన్ మళ్లీ విచారించి పది సంస్థలపైనా ఉత్పత్తిదారుల సంఘంపైనా కలిపి సుమారు 6,700 కోట్ల జరిమానా వేసింది. 2018 జులైలో జాతీయ కంపెనీ లా అప్పీళ్ల ట్రైబ్యునల్ దీనిని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు సంస్థల అప్పీళ్లను స్వీకరించి, జరిమానాలో 10 శాతం జమచేయాలన్న షరతు కొనసాగించింది.

ఈ కేసులో చిన్న వ్యాపారి స్థానం ఏమిటి? ఒప్పందంలో ధరల సవరణకు వీలులేని పనిని చేపట్టిన చిన్న కాంట్రాక్టరు బస్తా ధర పెరిగితే తన లాభంలో నుండే భరించాలి. సిమెంటు ఇటుకలు, వరలు, స్తంభాలు తయారుచేసే యూనిట్లకు సిమెంటే ప్రధాన ముడిసరుకు. కార్టెల్ ఉంటే నష్టం నేరుగా వీరికే. అయినా విధించిన జరిమానా భారత సంచిత నిధికి చేరుతుంది, నష్టపోయినవారికి కాదు. వారు పరిహారం కోరాలంటే చట్టంలోని 53ఎన్ సెక్షన్ కింద అప్పీళ్ల ట్రైబ్యునల్‌కు వేరుగా దరఖాస్తు చేయాలి. అందుకు ముందు ఉల్లంఘన నిర్ధారణ కావాలి. ఆపై తాను కొన్న ప్రతి బస్తాకు బిల్లు, కార్టెల్ లేకుంటే ఉండే ధర ఎంతో లెక్క చూపాలి. 2010–11లో బస్తాకు అదనంగా చెల్లించిన చిన్న కాంట్రాక్టరు వద్ద ఏళ్ల తరువాత ఈ ఆధారాలు ఉంటాయని ఆశించడం కష్టం.

4.3 గొడుగు ప్రభావం:

చిన్న ఉత్పత్తిదారు విషయం ఇంతకంటే సంక్లిష్టం. పెద్ద సంస్థలు కలిసి ధరను పైకి నిలిపితే, ఆ కూటమిలో లేని చిన్న కర్మాగారం కూడా అదే ధరకు అమ్ముకోగలదు. ఆర్థికశాస్త్రం దీనిని గొడుగు ధరగా వర్ణిస్తుంది. ఉత్పత్తి వ్యయం ఎక్కువగా ఉన్న చిన్న కర్మాగారానికి ఆ గొడుగు రక్షణ అవుతుంది. చట్టం గట్టిగా అమలై ధరలు పడిపోతే మొదట కుంగేది ఆ చిన్న కర్మాగారమే. అదే సమయంలో చిన్న కొనుగోలుదారు లాభపడతాడు. కాబట్టి 'పోటీ చట్టం అమలు చిన్న వ్యాపారాలకు మేలా, కీడా' అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఒకే పట్టణంలో, ఒకే సరుకు విషయంలో, చిన్న ఉత్పత్తిదారుకు కీడైనది చిన్న కొనుగోలుదారుకు మేలు కావచ్చు.

4.4 కార్టెల్ నుండి విలీనానికి:

కేసు న్యాయస్థానాల్లో నడుస్తుండగా పరిశ్రమ నిర్మాణమే మారింది. 2016లో జరిమానా పడిన పది సంస్థల్లో ఒకటైన అల్ట్రాటెక్, 2017లో జైప్రకాశ్ సిమెంటు వ్యాపారంలో అధికభాగాన్ని, 2018లో బినానీని, 2019లో సెంచురీ సిమెంటును, 2024లో ఇండియా సిమెంట్స్‌ను తనలో లేదా తన అధీనంలో చేర్చుకుంది. ఏసీసీ, అంబుజా 2022లో అదానీ సముదాయం కిందికి వచ్చాయి. అంటే ఆ పదింటిలో ఏడు సంస్థల సిమెంటు వ్యాపారం పూర్తిగానో అధికభాగమో రెండు సముదాయాలకు చేరింది.

ఈ పరిణామం పల్నాటికి దూరమైనది కాదు. కృష్ణానది అవతలి ఒడ్డున, దామరచర్ల మండలం గణేశ్‌పహాడ్‌లోని పెన్నా సిమెంటు 2024లో అంబుజా చేతికి వెళ్లింది. అదే మండలంలోని విష్ణుపురం కర్మాగారం ఇండియా సిమెంట్స్‌ది. నదికి ఇవతల ఆంధ్రా సిమెంట్స్ 2023లో దివాలా ప్రక్రియ ద్వారా సాగర్ సిమెంట్స్‌కు, భవ్య 2021లో చెట్టినాడ్ సముదాయంలోని అంజనీ పోర్ట్‌లాండ్‌కు చేరాయి.

విలీనాల్లో చట్టవిరుద్ధమేమీ లేదు. పరిమితులు దాటిన విలీనాలు పోటీ కమిషన్ ఆమోదంతోనే జరగాలి. మూతపడిన కర్మాగారాన్ని కొత్త యజమాని తెరిపిస్తే స్థానిక ఉపాధికీ రవాణాదారులకూ మేలే. అయితే చట్టపరంగా ఒక విచిత్ర స్థితి ఏర్పడుతుంది. రెండు స్వతంత్ర సంస్థలు కలిసి ఉత్పత్తి తగ్గించాలని అనుకుంటే అది 3వ సెక్షన్ ఉల్లంఘన. ఆ రెండు సంస్థలూ ఒకే యజమాని కిందికి వచ్చాక అదే నిర్ణయం సంస్థ అంతర్గత వ్యవహారం. చిన్న కాంట్రాక్టరుకు, డీలరుకు రెండింటి ఫలితం ఒక్కటే కావచ్చు. ఉల్లంఘనకు శిక్ష ఆలస్యమైనప్పుడు, ఉల్లంఘనను అనవసరం చేసే నిర్మాణ మార్పు ముందుగా వచ్చేస్తుంది.

5. చిన్న వ్యాపారుల సంఘాలు: రక్షణ, బాధ్యత

పై రెండు కేసుల్లోనూ చిన్న వ్యాపారి ఒంటరిగా ఫిర్యాదుదారు కాలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం, సిమెంటు కేసులో నిర్మాణదారుల సంఘం ఆ పాత్ర వహించాయి. తాను సరుకు కొనే సంస్థపైనే ఢిల్లీలో ఫిర్యాదు చేస్తే మరుసటి సీజనుకు సరఫరా ఆగిపోతుందన్న భయం డీలరుకు సహజం. ఎరువుల వ్యాపారంలో గిరాకీ ఉన్న రకం కావాలంటే గిరాకీ లేనిదాన్నీ తీసుకోవాలనే 'లింకు' అమ్మకాలు తరచూ వినిపించే ఫిర్యాదు. 3(4) సెక్షన్ ఇటువంటి ముడిపెట్టే ఒప్పందాలను పరిశీలించడానికి అవకాశమిస్తుంది. ఆ అవకాశాన్ని ఒంటరి డీలరు వాడుకోలేడు, సంఘం వాడుకోగలదు.

అయితే సంఘమే చట్టం దృష్టిలో నిందితురాలు కూడా కావచ్చు. 2013 ఫిబ్రవరిలో కమిషన్ అఖిలభారత ఔషధ వ్యాపారుల సంఘంపై జరిమానా విధించింది. కొత్త స్టాకిస్టును నియమించాలంటే సంఘం అనుమతిపత్రం కావాలనడం, వ్యాపార మార్జిన్లను స్థిరపరచడం పోటీవ్యతిరేకమని తేల్చింది. సభ్యుల్లో అధికులు చిన్న దుకాణదారులే అన్నది మినహాయింపు కాలేదు. 3వ సెక్షన్‌లో చిన్న సంస్థలకు ప్రత్యేక మినహాయింపు లేదు. ఒక పట్టణంలోని లారీ యజమానుల సంఘం కిరాయి ఖరారుచేసి బయటి లారీలను అడ్డుకున్నా, వ్యాపారుల సంఘం కొనుగోలు ధరను ముందే నిర్ణయించుకున్నా అదే సూత్రం వర్తిస్తుంది. గిడ్డంగిని ఉమ్మడిగా వాడుకోవడం, సభ్యులకు చట్టంపై అవగాహన కల్పించడం, కలిసి ఫిర్యాదు చేయడం వంటివి సంఘం స్వేచ్ఛగా చేయవచ్చు. ధర, ప్రవేశం విషయాల్లో ఉమ్మడి నిర్ణయాలు మాత్రం ప్రమాదకరం. ఈ తేడా స్థానిక సంఘాలకు తెలియజేయడం కళాశాలల వాణిజ్య, ఆర్థికశాస్త్ర విభాగాలు చేయగల పని.

6. చర్చ: స్థానం, కాలం

పై పరిశీలనలో రెండు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది స్థానం. గొలుసులో ఆధిపత్య సంస్థకు నేరుగా ఆనుకొని ఉన్న విత్తన సంస్థ వాదన కమిషన్‌కు చేరింది. రెండు అంచెల కింద ఉన్న డీలరు వాదన చేరలేదు. అలాగే కార్టెల్ వల్ల చిన్న ఉత్పత్తిదారు, చిన్న కొనుగోలుదారు పరస్పర విరుద్ధంగా ప్రభావితులయ్యారు. అందువల్ల 'చిన్న వ్యాపారాలు' అన్న పదాన్ని ఒకే వర్గంగా తీసుకునే అధ్యయనాలు ఫలితాలను తప్పుగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

రెండవది కాలం. 2006లో నాలుగు నెలల్లో వచ్చిన మధ్యంతర ఉత్తర్వు అసంపూర్ణమైనా ఆ సీజనుకే ఉపయోగపడింది. 2016లో మొదలైన, అంతకంటే లోతైన విచారణ తొమ్మిదేళ్ల తరువాత అసలు ప్రశ్నను తాకకుండానే ముగిసింది. పోటీ చట్టం 33వ సెక్షన్ కమిషన్‌కు మధ్యంతర ఉత్తర్వుల అధికారాన్ని ఇచ్చింది. సీజనుపై ఆధారపడిన వ్యవసాయ ఉత్పాదకాల విపణుల్లో ఆ అధికారానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉండాలి. 2023 సవరణ చట్టం పరిష్కార ఒప్పందాలకు, హామీలకు వీలు కల్పించింది. 4వ సెక్షన్ కేసుల్లో ఇవి కాలహరణాన్ని తగ్గించగలవు. అయితే పెద్ద సంస్థలు రెండూ రాజీపడితే చాలదని, మిగిలిన చిన్న లైసెన్సుదారుల, డీలర్ల అభిప్రాయం వినాలని మాన్‌శాంటో ఉదంతం బోధిస్తుంది.

7. ముగింపు:

- ధర నియంత్రణ, పోటీ చట్టం పరస్పర ప్రత్యామ్నాయాలు కావు. పత్తి విత్తనంలో మొదటిది రాయల్టీని 1,250 రూపాయల స్థాయి నుండి సున్నాకు తెచ్చింది. కొత్త పోటీదారు ప్రవేశించే మార్గాన్ని పరీక్షించలేకపోయింది.
- సిమెంటులో రెండు అంచెలలో ఉల్లంఘన నిర్ధారణ అయినా, జరిమానా చిన్న కొనుగోలుదారు నష్టాన్ని పూడ్చే సాధనం కాదు. సంఘాలు ఉమ్మడిగా పరిహారం కోరే మార్గం ఆచరణలో సులభతరం కావాలి.
- విలీనాల పరిశీలనలో ప్రాంతీయ విపణిని, ముఖ్యంగా కృష్ణా తీరంలోని ఇరు రాష్ట్రాల కర్మాగారాలను కలిపి చూడటం అవసరం. జిల్లా, రాష్ట్ర సరిహద్దులు సిమెంటు విపణి సరిహద్దులు కావు.
- చిన్న వ్యాపారుల సంఘాలు ఈ చట్టంలో తమ హక్కునూ బాధ్యతనూ రెండింటినీ తెలుసుకోవాలి.
- మాచర్ల, గురజాల, నరసరావుపేట డీలర్ల అరువు ఖాతాలు, సిమెంటు కాంట్రాక్టర్ల కొనుగోలు బిల్లుల ఆధారంగా క్షేత్రస్థాయి అధ్యయనాలు జరగాలి. ఢిల్లీలో వెలువడే ఉత్తర్వు పల్నాటి దుకాణంలో ఏ మేరకు ప్రతిఫలిస్తుందో కొలవడానికి ఆ పుస్తకాలే తగిన ఆధారాలు.